మధ్యాహ్నపు గాలి కోసం

రెండున్నర శతాబ్దాల క్రితం ఒక ఖగోళ శాస్త్రజ్ఞుని ఆశలను భగ్నం చేసిన పుదుచ్చేరి వేసవి గాలులు నేడు వాతావరణ శాస్త్రానికి కొత్త ప్రశ్నలు వేస్తున్నవి. ఆ ప్రశ్నలకు సమాధానం మీద లక్షలాది ప్రజల సుఖదుఃఖాలు ఆధారపడి ఉన్నవి.

1769వ సంవత్సరం జూన్ 4వ తేదీ. ఇంకా తెల్లవారలేదు. పాండిచ్చేరి కోట శిథిలాల నడుమ కట్టిన చిన్న వేధశాలలో గియోమ్ లె జాంతి అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సూర్యోదయం కోసం నిరీక్షిస్తున్నాడు. ఆ ఉదయం శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా ఒక నల్లని చుక్కవలె దాటిపోవలసి ఉన్నది. భూమికి, సూర్యునికి మధ్య గల దూరాన్ని లెక్కగట్టడానికి ఆనాటి శాస్త్రజ్ఞులకు అంతకు మించిన సాధనం లేదు. ఆ దృశ్యం మళ్లీ కనిపించేది 1874లోనే.

దీనికోసం ఆయన పదకొండు సంవత్సరాలు నలభై కష్టాలు పడ్డాడు. 1760లో ఫ్రాన్సు విడిచి బయలుదేరాడు. 1761లో శుక్రుడు సూర్యుని దాటిన రోజున ఆయన నడిసముద్రంలో ఉన్నాడు. పాండిచ్చేరి అప్పటికే ఆంగ్లేయుల వశమైనది. ఊగిసలాడే ఓడ మీద నుండి చేసిన పరిశీలన ఎందుకూ కొరగాలేదు. ఎనిమిదేండ్ల తరువాత రానున్న రెండవ అవకాశం కోసం ఆయన హిందూ మహాసముద్ర ప్రాంతంలోనే నిలిచిపోయాడు. 1768 మార్చిలో పాండిచ్చేరి చేరి, గవర్నరు సహాయంతో వేధశాల కట్టించుకున్నాడు. మరుసటి సంవత్సరం మే నెలలో ఉదయాలన్నీ నిర్మలంగా ఉన్నవి. జూన్ 3 రాత్రి కూడా ఆకాశం తేటగానే ఉన్నది.

రాత్రి రెండు గంటల వేళ ఆయనకు మెలకువ వచ్చినది. ఆగ్నేయ దిశ నుండి తీరపు ఇసుక తిన్నెల మీద అలలు చేసే మూలుగు వినిపించినది. ఆయన సంతోషించాడు. ఈ తీరాన ఆగ్నేయపు గాలి మబ్బులను ఊడ్చివేస్తుందని అప్పటికే ఆయన గ్రహించి ఉన్నాడు. కాని లేచి చూసేసరికి ఆకాశమంతా మబ్బు కమ్మి ఉన్నది. వేకువన గాలి ఉధృతమై సముద్రం నురగలతో తెల్లబడినది. ఇసుక, దుమ్ము లేచినవి. శుక్రుడు సూర్యుని దాటిపోయేంతవరకు ఆ తెర తొలగలేదు. ఆ ఘడియ గడచిన తరువాత సూర్యుడు ప్రత్యక్షమై రోజంతా ప్రకాశించాడు! 1771లో ఆయన స్వదేశం చేరేసరికి బంధువులు ఆయన చనిపోయినాడని తలచి ఆస్తి పంచుకునే ప్రయత్నంలో ఉన్నారు.

ఒక్క ఉదయం గాలి తీరు మారినందుకు ఒక మనిషి జీవితంలో పదకొండేండ్ల శ్రమ వ్యర్థమైనది. ఆ గాలి తీరు ఒక ఉదయం గాక దశాబ్దాల తరబడి మారుతూ పోతే ఏమవుతుంది? ఒక మనిషికి గాక ఒక తీరానికంతటికీ ఏమవుతుంది? నేటి ప్రశ్న ఇది.

నాలుగు దిక్కులు, నాలుగు పేర్లు

కోరమాండల్ తీరవాసులకు గాలి అంటే ఒకే వస్తువు కాదు. ప్రాచీన తమిళంలో నాలుగు దిక్కుల గాలులకు నాలుగు పేర్లు ఉన్నవి. తూర్పుగాలి కొండల్, దక్షిణపు గాలి తెన్ఱల్, పడమటి గాలి కోడై, ఉత్తరపు గాలి వాడై. వీనిలో కోడై అనే మాటకు వేసవి అనే అర్థం కూడా ఉండడం గమనింపదగినది. పడమటి గాలికీ ఎండకాలానికీ గల సంబంధాన్ని భాషయే భద్రపరచినది. తెలుగువారికి వడగాలి వేరు, పైరగాలి వేరు. ఒకటి ప్రాణం తీస్తుంది. మరొకటి ప్రాణం పోస్తుంది.

పుదుచ్చేరి ఉనికి ఈ గాలుల కూడలిలో ఉన్నది. పడమట కనుమలు అడ్డుగా నిలిచి నైరృతి రుతుపవనాల తేమను చాలావరకు తమ ఆవలి వైపునే కురిపించుకుంటాయి. అందువల్ల దేశమంతా వానలతో తడిసే జూన్, జూలై మాసాలలో ఈ పట్టణానికి దక్కేది వర్షచ్ఛాయ మాత్రమే. సంవత్సరంలో కురిసే సుమారు 1,300 మిల్లీమీటర్ల వర్షంలో అధిక భాగం అక్టోబరు నుండి డిసెంబరు వరకు, ఈశాన్య రుతుపవనాల కాలంలో కురుస్తుంది. తక్కిన భారతదేశంతో పోలిస్తే ఇచ్చటి ఋతుచక్రం తలకిందులుగా ఉంటుంది. 1955లో ఇక్కడ నెలకొన్న ఫ్రెంచి పరిశోధన సంస్థలో గౌసెన్, లెగ్రి, మెహెర్-హోమ్జీ వంటి వృక్ష శాస్త్రజ్ఞులు దక్షిణ భారత వృక్షసంపదను, శీతోష్ణస్థితిని జోడించి పటాలు గీయడానికి ఈ విలక్షణత కూడా ఒక ప్రేరణ. ఎండాకాలంలోనూ ఆకు రాల్చని పొట్టి చెట్ల అడవి ఈ తీరానికి ప్రత్యేకమైనది. అది ఈ గాలుల లెక్కకు ఒదిగి పెరిగిన అడవి.

రెండు గాలుల పోటీ

వేసవిలో ఈ పట్టణపు రోజును నిర్ణయించేది ఒక పోటీ. ఒక వైపు పడమటి గాలి, మరొక వైపు సముద్రపు గాలి.

ఉదయం సూర్యుడు పైకి వచ్చేకొద్దీ నేల త్వరగా వేడెక్కుతుంది. సముద్రం అంత త్వరగా వేడెక్కదు. నేల మీది గాలి వేడెక్కి తేలికై పైకి లేస్తుంది. ఆ ఖాళీని పూరించడానికి సముద్రం మీది చల్లని, బరువైన గాలి ఒడ్డుకు వస్తుంది. మామూలు రోజులలో పగలు పదకొండు, పన్నెండు గంటల ప్రాంతాన ఇది పట్టణంలో ప్రవేశిస్తుంది. ప్రవేశించిన కొద్ది నిమిషాలలోనే ఉష్ణమాపకంలో పాదరసం కిందికి దిగుతుంది. వీధులలో మనుష్యుల అలికిడి మళ్లీ మొదలవుతుంది. సముద్రపు గాలి అంతటితో ఆగదు. నెమ్మదిగా పదుల కిలోమీటర్ల దూరం లోపలికి సాగిపోతుంది.

కాని మే నెల గడచి జూన్ వచ్చేసరికి పడమటి గాలి బలపడుతుంది. అది కనుమల మీద తేమను పోగొట్టుకొని, తూర్పు వాలు మీదుగా కిందికి దిగుతుంది. దిగే గాలి ఒత్తిడికి లోనై వేడెక్కుతుంది. ఎండిన మైదానాల మీదుగా వస్తూ మరింత కాగుతుంది. ఈ గాలి బలంగా ఉన్న రోజున సముద్రపు గాలిని ఒడ్డు దగ్గరనే అడ్డగిస్తుంది. అప్పుడు చల్లదనం మధ్యాహ్నం రెండు, మూడు గంటలకు గాని రాదు. ఒక్కొక్కప్పుడు అసలే రాదు. అటువంటి రోజుననే ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటిపోతుంది. సముద్రపు ఒడ్డున ఉన్న ఊరికి అంత ఎండ ఎందుకని ప్రశ్నించేవారికి ఇదే సమాధానం. రోహిణి కార్తె ముగిసి, దేశంలో మరొకచోట వానలు మొదలైనవన్న వార్తలు వచ్చిన తరువాత కూడా ఇక్కడ జూన్ నెలలో ఎండ మండిపోవడానికి కారణం ఇదే.

ఈ పోటీలో ఒక శుభఫలం కూడా ఉన్నది. రెండు గాలులూ ఎదురెదురుగా ఢీకొన్న రేఖ వెంట తేమగాలి పైకి లేస్తుంది. సాయంకాలానికి ఉరుము మబ్బులు ఏర్పడి గంటసేపు జోరుగా కురిసి పోతాయి. వర్షచ్ఛాయలో ఉన్న ఈ తీరానికి వేసవిలో దక్కే వానలో చాలా భాగం ఇటువంటిదే.

ఇదే పోటీ నెల్లూరు, ఒంగోలు, మచిలీపట్నం తీరాలలోనూ నిత్యం సాగుతుంది. సముద్రపు గాలి అందని పల్నాటి రెంటచింతల ఎండకు పేరు మోసినదంటే అందులో వింత లేదు.

ఆకాశంలోని నదులు

పడమటి గాలి బలం ఈ ఊరిలో నిర్ణయం కాదు. దాని మూలాలు వేల కిలోమీటర్ల దూరాన ఉన్నవి.

1686లోనే ఎడ్మండ్ హేలీ సముద్రాల మీది గాలుల పటం గీసి, నేలకూ నీటికీ గల వేడిమి భేదమే రుతుపవనాలకు కారణమని ఊహించాడు. కాని ఆకాశపు లోతులను కొలిచే సాధనాలు వచ్చేవరకు ఆ కథ అసంపూర్ణంగానే మిగిలినది. బెలూన్లకు పరికరాలు కట్టి పైకి పంపే పద్ధతి వచ్చిన తరువాత ఇరవయ్యవ శతాబ్దం నడిమి దశాబ్దాలలో రెండు గొప్ప గాలి ప్రవాహాలు వెలుగులోకి వచ్చినవి.

వీనిలో మొదటిదానిని లోకానికి వివరించినవారు తెలుగువారైన డాక్టర్ పంచేటి కోటేశ్వరం. అనంతర కాలంలో ఆయన భారత వాతావరణ శాఖకు డైరెక్టర్ జనరల్ అయినారు. నైరృతి రుతుపవనాల కాలంలో దక్షిణ భారతం మీద, దాదాపు 14, 15 కిలోమీటర్ల ఎత్తున, తూర్పు నుండి పడమరకు ఒక మహావేగమైన గాలి ప్రవాహం సాగుతున్నదని 1958లో ఆయన ప్రచురించిన వ్యాసం ప్రతిపాదించినది. ఆసియా ఆగ్నేయ భాగం నుండి ఆఫ్రికా వరకు వ్యాపించే ఈ ప్రవాహానికి మూలం వేసవిలో టిబెట్ పీఠభూమి వేడెక్కడమేనని ఆయన చూపారు. నేడు ఇది ప్రపంచమంతటా ఉష్ణమండలపు తూర్పు జెట్ ప్రవాహంగా ప్రసిద్ధమైనది.

రెండవది కింది ప్రవాహం. భూమికి సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల ఎత్తున పడమటి గాలి ఒక నదివలె కేంద్రీకృతమై భారత ద్వీపకల్పాన్ని దాటుతున్నదని 1966లో పి.వి. జోసెఫ్, పి.ఎల్. రామన్ గుర్తించారు. ఆ నది భూమధ్యరేఖకు దక్షిణాన పుట్టి, తూర్పు ఆఫ్రికా తీరం వెంబడి తిరిగి అరేబియా సముద్రం మీదుగా వస్తున్నదని 1969లో ఫిండ్‌లేటర్ నిరూపించాడు. మన దేశానికి తేమను మోసుకువచ్చే బండి ఇదే.

కింద పడమటి గాలి, పైన తూర్పు గాలి. ఈ రెండూ ఒకే యంత్రపు రెండు చక్రాలు. పుదుచ్చేరి పైకప్పు మీద నిలబడినవానికి రెండూ కనబడవు. కాని మధ్యాహ్నం సముద్రపు గాలి సమయానికి వస్తుందా, రాదా అనే నిర్ణయంలో వాటి పాత్ర ఎంతైనా ఉన్నది.

సముద్రం వేడెక్కుతున్నది

ఈ చక్రాల వేగం మారుతున్నదని గత కొన్ని దశాబ్దాల కొలతలు సూచిస్తున్నవి. ద్వీపకల్పం మీదుగా సాగే కింది పడమటి ప్రవాహం 1950 నుండి క్రమంగా బలహీనపడినదని జోసెఫ్, అను సైమన్ 2005లో వెల్లడించారు. రుతుపవనాల నడుమ వాన తెరిపి ఇచ్చే రోజులు పెరిగినవని కూడా వారు గమనించారు. పైనున్న తూర్పు జెట్ ప్రవాహం కూడా నెమ్మదించినదని మరికొందరి పరిశీలన. కింది ప్రవాహం కొంచెం ఉత్తరానికి జరుగుతున్నదనే అభిప్రాయమూ వెలువడినది.

కారణం ఏమిటి? రుతుపవనాలకు ఇంధనం నేలకూ సముద్రానికీ గల వేడిమి భేదం. ఆ భేదం తగ్గితే గాలి తగ్గుతుంది. కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో ప్రచురించిన నివేదిక ప్రకారం, 1901 నుండి 2018 వరకు మన దేశపు సగటు ఉష్ణోగ్రత 0.7 డిగ్రీల సెల్సియస్ మేరకు పెరిగినది. ఉష్ణమండల హిందూ మహాసముద్రపు ఉపరితలం 1951 నుండి 2015 వరకు ఒక డిగ్రీ మేరకు వేడెక్కినది. అనగా సముద్రం వెనుకబడలేదు. దీనికి తోడు పొగ, ధూళి కణాలు ఉత్తర భారతపు నేలను కప్పి సూర్యకాంతిని కొంత అడ్డగించినవి. నేల వేడెక్కడం ఆ మేరకు మందగించినది. ఇదే నివేదిక లెక్కలో 1951–2015 మధ్య వేసవి రుతుపవనాల వర్షం సుమారు 6 శాతం తగ్గినది. 1951–80తో పోల్చగా 1981–2011లో వాన లేని విరామాలు 27 శాతం ఎక్కువైనవి.

అయితే సగటు తగ్గినంత మాత్రాన తాకిడి తగ్గలేదు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థకు చెందిన రాక్సీ మాథ్యూ కోల్, ఆయన సహచరులు 2017లో ఒక విశేషాన్ని బయటపెట్టారు. 1950 నుండి 2015 వరకు మధ్య భారతంలో విస్తృతమైన అతివృష్టి ఘటనలు మూడు రెట్లయినవి. అరేబియా సముద్రం మీది పడమటి గాలి ఒక్కొక్కప్పుడు అకస్మాత్తుగా విజృంభించి పెద్ద మొత్తంలో తేమను తెచ్చి పడవేస్తున్నది. సగటున నెమ్మదించిన గాలి, ఉద్రేకంలో మాత్రం మునుపటికంటె చంచలమైనది.

శాస్త్రం ఇచ్చే చిత్రం సరళరేఖ కాదని కూడా చెప్పవలసి ఉన్నది. 2002 తరువాత మధ్య, ఉత్తర భారతంలో రుతుపవనాల వర్షం కొంత కోలుకున్నదని ఒక అధ్యయనం చూపినది. నేల దగ్గర గాలివేగం అనేక కేంద్రాలలో తగ్గినట్లు కనిపించినా, ఆ కేంద్రాల చుట్టూ పెరిగిన ఇండ్లు, చెట్లు కూడా అందుకు కొంత కారణం. గాలి తగ్గినదా, గాలిని కొలిచే యంత్రం ముందు గోడ లేచినదా అన్నది ప్రతిచోటా విచారించి తేల్చవలసిన విషయం.

పుదుచ్చేరికి ఇది మేలా, కీడా?

పడమటి గాలి బలహీనపడితే సముద్రపు గాలికి దారి సుగమం కావలెను గదా! పుదుచ్చేరి వేసవి చల్లబడవలెను గదా! తర్కం ఇలాగే చెబుతుంది. పైగా ఉత్తర, మధ్య భారతాలలో రుతుపవనాలకు విరామం వచ్చిన రోజులలో తమిళనాడు తీరాన సాయంకాలపు ఉరుము వానలు ఎక్కువగా పడడం వాతావరణ శాస్త్రజ్ఞులు ఎరిగినదే. దేశానికి కీడైన రోజు ఈ ఊరికి మేలైన రోజు కావచ్చు.

కాని ప్రకృతి ఇచ్చిన ఈ రాయితీకి రెండు షరతులు ఉన్నవి.

మొదటిది, సముద్రపు గాలి మునుపటి సముద్రపు గాలి కాదు. వేడెక్కిన బంగాళాఖాతం మీదుగా వచ్చే గాలి తక్కువ చల్లదనాన్ని, ఎక్కువ తేమను తెస్తుంది. మానవ దేహం చెమట ఆరడం వల్ల చల్లబడుతుంది. గాలిలో తేమ నిండినప్పుడు చెమట ఆరదు. తడి గుడ్డ చుట్టిన ఉష్ణమాపకం 35 డిగ్రీలు చూపే గాలిలో నీడలో కూర్చున్న ఆరోగ్యవంతుడు సైతం కొన్ని గంటలకు మించి బ్రతకలేడని శాస్త్రజ్ఞులు చాలాకాలంగా చెబుతున్నారు. ఇటీవలి ప్రయోగాలలో ఆ హద్దు అంతకంటె తక్కువగానే తేలినది. పొడి ఎండలో 42 డిగ్రీలకు ఓర్చుకొన్న కూలి మనిషి, తేమ నిండిన 37 డిగ్రీలలో కుప్పకూలవచ్చు. ఉష్ణమాపకంలోని అంకె ఒక్కటే అపాయాన్ని చెప్పదు.

రెండవది, ఊరు మునుపటి ఊరు కాదు. 1690లలో కొంతకాలం పాండిచ్చేరిని ఏలిన డచ్చివారు గళ్ల నమూనాలో వీధులు గీశారు. తూర్పు పడమరలుగా సాగే ఆ వీధులు నేరుగా సముద్రం మీదికి తెరుచుకుంటాయి. మధ్యాహ్నపు గాలికి అవి కాలువలు. తమిళుల పాత ఇండ్లలో వీధి వైపు అరుగు, లోపల ఆకాశానికి తెరచిన ముంగిలి గాలిని లోపలికి పిలిచేవి. కాంక్రీటు కట్టడాలు దట్టంగా లేచిన కొత్త పేటలలో సముద్రపు గాలి వేగం అడుగడుగునా తగ్గుతుంది. పగలు గోడలు తాగిన వేడి రాత్రి అంతా బయటకు వస్తూనే ఉంటుంది. ఒడ్డున ఉన్న బంగళాకు అందే గాలి, అరకోసు దూరాన ఇరుకు సందులో ఉన్న ఇంటికి అందదు.

వడగాలి నేర్పిన పాఠం

సముద్రపు గాలి ఓడిపోయిన రోజున ఏమి జరుగుతుందో తెలుగునాడు చేదుగా ఎరుగును. 2003 మే నెల రెండవ వారంలో బంగాళాఖాతంలో ఒక తుపాను ఏర్పడినది. శ్రీలంకను వరదలతో ముంచెత్తి, తరువాత మయన్మారు వైపు మరలిపోయినది. పోతూ పోతూ తీరం మీది తేమను తనతో లాగుకొనిపోయినది. రుతుపవనాల రాక ఆలస్యమైనది. వాయువ్య దిశ నుండి ఎండిన గాలి ఆంధ్ర తీరం వరకు నిరాటంకంగా వీచినది. ఆ వేసవిలో ఆంధ్రప్రదేశ్‌లో మూడు వేలకు పైగా ప్రజలు వడదెబ్బకు బలి అయినారు. 2015లో మళ్లీ ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాలలో కలిసి రెండు వేలకు పైగా మరణించారు. వారిలో అధికులు రోజు కూలీలు, వృద్ధులు. ఎండలో పని మానితే ఆ పూట పస్తు ఉండవలసినవారు.

పుదుచ్చేరి పాలనకు చెందిన యానాం గోదావరి తీరాన ఉన్నది. రాజధాని నుండి వందలాది కిలోమీటర్ల దూరాన, తెలుగు పల్లెల నడుమ ఉన్న ఆ ఊరికి ఈ వడగాలులు పరిచితమైనవే. ఒకే ప్రభుత్వం కింద ఉన్న రెండు ఊళ్లకు వేసవి రెండు విధాలుగా వస్తుంది. ఒక ఊరి ఎండను చూసి రెండవ ఊరికి హెచ్చరిక చేయడం సాధ్యం కాదు. స్థానికమైన కొలత, స్థానికమైన హెచ్చరిక ఎంత అవసరమో చెప్పడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

మరొక ఆందోళన కూడా ఉన్నది. పైన తూర్పు గాలి, కింద పడమటి గాలి ఎదురెదురుగా బలంగా వీస్తున్నంతకాలం రుతుపవనాల నడుమ పుట్టే వాయుగుండాలు పెను తుపానులు కాలేవు. లేచే మబ్బు శిఖరాన్ని పై గాలి కోసివేస్తుంది. పై ప్రవాహం బలహీనపడితే ఈ కోత తగ్గుతుందని, తుపానులకు ఒక అడ్డు తొలగుతుందని శాస్త్రజ్ఞులు హెచ్చరిస్తున్నారు. గాలి మందగించడం వల్ల కలిగే అనర్థాన్ని పుదుచ్చేరి మరొక ఋతువులో కన్నులారా చూసినది. 2024 నవంబరు 30న తీరం చేరిన ఫెంజల్ తుపానును ముందుకు నడిపించే గాలులు లేక, అది ఊరి దగ్గరనే గంటల తరబడి నిలిచిపోయినది. ఒక్క రోజులో 48 సెంటీమీటర్ల వాన కురిసినది. 2004లో నమోదైన 21 సెంటీమీటర్ల పాత రికార్డుకు ఇది రెట్టింపునకు మించినది. వీధులలో పడవలు నడిచినవి.

గాలి మోసిన ఇసుక

లె జాంతి ఆ రాత్రి విన్న ఇసుక తిన్నెల మూలుగు వెనుక ఒక నిత్యయాత్ర ఉన్నది. వేసవిలో దక్షిణపు గాలులు లేపే అలలు ఒడ్డుకు ఏటవాలుగా తాకి ఇసుకను ఉత్తరానికి తోస్తాయి. ఈశాన్య రుతుపవనాల కాలంలో కొంత ఇసుక దక్షిణానికి మరలుతుంది. రాకపోకలు లెక్కగడితే ఉత్తరానికి పోయేదే ఎక్కువ. ఈ లెక్క తప్పనంతకాలం పుదుచ్చేరికి విశాలమైన ఇసుక తీరం ఉండేది.

1980ల చివర పట్టణానికి దక్షిణాన ఓడరేవు గోడలు సముద్రంలోకి చొచ్చుకుపోయినవి. దక్షిణం నుండి వచ్చే ఇసుక అక్కడనే ఆగిపోయినది. ఊరి ముందరి ఇసుకను అలలు తీసుకుపోయినవి గాని, దాని స్థానంలో కొత్త ఇసుక రాలేదు. కొన్నేండ్లలో తీరం మాయమై నల్లరాళ్ల గట్టు మిగిలినది. కోత అంతటితో ఆగక ఉత్తరాన ఉన్న మత్స్యకారుల పల్లెలకు పాకినది. వలలు ఆరవేసుకునే చోటు, పడవలు లాగి నిలిపే చోటు లేక వారు ఇబ్బందుల పాలైనారు. 2018లో జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ రూపొందించిన నీటి అడుగు కట్టడం తరువాత పట్టణం ముందర కొంత ఇసుక మళ్లీ పేరుకొన్నది. ఆ ఇసుక మీద పిల్లలు ఆడుకోవడం చూసి, అక్కడ తీరమే ఉండేదని మరచిపోయినవారు ఆశ్చర్యపడ్డారు.

ఈ కథలో ఒక నీతి ఉన్నది. గాలి తీరును తెలిసి కట్టిన కట్టడం ఇసుకను నిలిపినది. తెలియక కట్టినది పోగొట్టినది. మున్ముందు గాలి దిశలో, వేగంలో వచ్చే కొద్దిపాటి మార్పు కూడా ఈ ఇసుక లెక్కను మళ్లీ తారుమారు చేయవచ్చు.

ఊరు చేయగల పని

మహాసముద్రాల వేడిని ఒక పట్టణం తగ్గించలేదు. కాని తన గుమ్మంలోకి వచ్చే గాలిని ఏ విధంగా ఆదరించాలో నిర్ణయించుకోగలదు.

ఇందుకు పొరుగుననే ఒక నిదర్శనం ఉన్నది. 1968లో ఆరోవిల్ స్థాపించిన నాడు అక్కడి ఎర్రమట్టి దిబ్బ దాదాపు బోడిగా, వాగులు కోసిన గండ్లతో ఉండేది. వేసవి గాలికి ఎర్రధూళి లేచేది. వాన వస్తే మట్టి సముద్రంలోకి కొట్టుకుపోయేది. గట్లు కట్టి నీటిని నిలిపి, గాలికి అడ్డుగా చెట్లు నాటి, ఈ తీరానికి సహజమైన సతతహరిత వృక్షాలను తిరిగి పెంచారు. నేడు అక్కడ లక్షలాది చెట్లు ఉన్నవి.

పట్టణంలోనూ చేయదగినవి అనేకం. తూర్పు పడమర వీధులు సముద్రం మీదికి తెరచి ఉండేటట్లు కట్టడాలను నియంత్రించడం, పైకప్పులకు తెల్లసున్నం వేయడం, ఊసుడేరి, బాహూర్ చెరువులను పూడిక లేకుండా కాపాడడం, ఇవేవీ పెద్ద పరిశోధన కోరేవి కావు. చెరువులో నీరు ఉన్న వేసవిలో బావులలోకి ఉప్పునీరు చొరబడడం కూడా తగ్గుతుంది. వీటికి మించి ముఖ్యమైనది హెచ్చరిక. 2010 మే నెలలో ఎండకు బాగా దెబ్బతిన్న అహ్మదాబాదు నగరం 2013లో వడగాలి కార్యాచరణ ప్రణాళికను రూపొందించుకొన్నది. ముందుగా హెచ్చరించడం, ఆసుపత్రులను సిద్ధంగా ఉంచడం, మంచినీటి కేంద్రాలు తెరవడం, కూలీల పనివేళలు మార్చడం దాని సారాంశం. అనంతరం అనేక రాష్ట్రాలు ఆ బాటను అనుసరించినవి. తీరప్రాంతాలలో ఆ హెచ్చరిక ఉష్ణోగ్రతతో పాటు తేమను, సముద్రపు గాలి వచ్చే వేళను కూడా లెక్కలోకి తీసుకోవలెను.

అన్నిటికంటె ముందు కావలసినది ఓపికతో కూడిన కొలత. మద్రాసులో వాతావరణ పరిశీలన పద్దెనిమిదవ శతాబ్దం చివరననే మొదలైనది. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడినది. ప్రతిరోజూ ఒకే వేళకు గాలి దిక్కును, వేగాన్ని వ్రాసిపెట్టిన అజ్ఞాత ఉద్యోగుల పుస్తకాలే నేడు మార్పును పసిగట్టడానికి ఆధారం. ఒక్క రోజు వ్రాత నిరర్థకంగా తోచవచ్చు. నూరేండ్ల వ్రాత ఒక జాతికి ధనం.

లె జాంతి విఫలుడై వెళ్లిపోయినాడని చరిత్ర చెబుతుంది. అది సగం నిజం. శుక్రుని చూడలేకపోయిన ఆ మనిషి, పాండిచ్చేరిలో గడిపిన రెండేండ్లలో ఇచ్చటి గాలులను, పోటుపాటులను, ఎండవానలను శ్రద్ధగా గమనించి తన యాత్రాగ్రంథంలో పొందుపరచాడు. ఆకాశం ఆయనకు ఒక గ్రహాన్ని దాచిపెట్టి, గాలిని చూపినది.

ఈనాటికీ మే నెల మధ్యాహ్నం పుదుచ్చేరి సముద్రపు ఒడ్డున నిలబడితే ఆ క్షణం తెలుస్తుంది. కొబ్బరాకు కదలదు. నీడలో కూడా నుదుట చెమట. అంతలో నీటి మీద సన్నని ముడత ఒకటి ఒడ్డు వైపు సాగివస్తుంది. తలుపు రెక్క మెల్లగా కదులుతుంది. అరుగు మీద పడుకున్న వృద్ధుడు పక్కకు ఒత్తిగిలి కన్ను మూస్తాడు. గాలి వచ్చినది.

రేపు కూడా అది వేళకు రావలెననే ప్రతి తీరవాసి కోరిక.